97 వస్తోంది, నిజమే: మా ఇంటికి నెట్ ఇచ్చే కంపెనీ వారికి బహిరంగ లేఖ

మా ఇంటికి ఇంటర్నెట్ ఇస్తున్న కంపెనీ పెద్దలకు,

నమస్కారం. మీ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మీరొక్కరే చదువుతారు. రాయకపోతే ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లంతా తమ గురించేమోనని ఓసారి భుజాలు తడుముకుంటారని నా ఆశ.

ఆరు వారాల్లో మీ కాల్ సెంటర్‌కి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లు మనిషి వచ్చాడు. నాలుగుసార్లూ ఒకే కుర్రాడు. మంచి పిల్లవాడు. చెప్పులు గడప బయట విడిచి వస్తాడు, మంచినీళ్లిస్తే తాగి గ్లాసు కడగబోతాడు. వచ్చింది మాత్రం ప్రతిసారీ ఉదయం పదకొండుకో పన్నెండుకో. వైఫై బాక్సు పక్కన నిలబడి, తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి, ముల్లు తిరిగి తిరిగి ఆగాక తెర నా వైపు తిప్పి చూపిస్తాడు. "97 వస్తోంది అంకుల్. మీది 100 ప్లానే కదా, ఇంకేం కావాలి?" ఆ తెరను ఫొటో తీసుకుని మీకు పంపుతాడు. అతను వీధి మలుపు తిరిగేలోపు నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, మీ సమస్య పరిష్కరించాం అని.

ఆ రోజు రాత్రి ఏడున్నరకి లోపలి గదిలోంచి మా కోడలు పిలుస్తుంది. "మామయ్యగారూ, మళ్లీ పోయింది."

ఏడున్నర అంటే చికాగోలో ఉదయం తొమ్మిది. ఆమె కంపెనీ మీటింగు మొదలయ్యే వేళ. తెర మీద మనుషులు నోరు తెరిచిన బొమ్మల్లా బిగుసుకుపోతారు, మాట తెగి తెగి వస్తుంది. అది కుదుటపడేలోపు ఆమె వంతు దాటిపోతుంది. ఆ సమయంలో నేను స్పీడ్ టెస్ట్ పెడితే ఎంత వస్తుందో తెలుసా? 96. మీ కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. మా కోడలూ చెప్పడం లేదు. ఈ రెండు నిజాలూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతున్నాయో ఎవరూ చూడడం లేదన్నదే నా గొడవ.

మీకు రాసే ముందు నా పాపం ఒకటి చెప్పుకోవాలి. నేను ఈ గుంటూరు జిల్లాలోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. 1991 వానాకాలంలో ఒక మేష్టారు ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి, లైన్లో గరగర వస్తోంది, మాట వినపడడం లేదని రాయించారు. నేను మర్నాడు ఉదయం టెస్ట్ డెస్క్ మీద లైను పరీక్షించాను. ఇన్సులేషన్ బాగుంది, డయల్ టోన్ బాగుంది. "టెస్ట్ చేస్తే బాగానే ఉంది" అని రాసి ఫిర్యాదు కట్టేశాను. ఆయన మళ్లీ రాయించారు, నేను మళ్లీ కట్టేశాను. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆయనే గొడుగేసుకుని ఎక్స్ఛేంజీకి వచ్చారు. "నా ఫోను పగలు బాగుంటుందని నాకూ తెలుసయ్యా. నేను మాట్లాడేది రాత్రి" అన్నారు. వాళ్లమ్మాయి బొంబాయిలో ఉండేది. రాత్రి పొద్దుపోయాక ఎస్టీడీ చార్జీ పావు వంతుకు దిగేది కదా, ఆ పిల్ల అప్పుడే చేసేది. ఆ రాత్రి నేను వాళ్లింటికి వెళ్లి రిసీవర్ చెవికి పెట్టుకున్నాను. గాలి వీచినప్పుడల్లా స్తంభం దగ్గర వేపకొమ్మ తడి వైరుకు రాసుకుంటోంది. పగలు ఎండకు వైరు ఆరిపోతుంది, కొమ్మ కదలదు. నా టెస్ట్ డెస్కుకు కొమ్మ ఎక్కడ కనబడుతుంది?

ఇప్పుడు మీ కుర్రాడి చేతిలో ఉన్నది ఆ టెస్ట్ డెస్కే. కాకపోతే రంగులున్నాయి.

ఆ అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి ముందు మా ఇంటి కొమ్మలు నేనే నరుక్కున్నాను. తప్పులో సగం మాదే. మీ బాక్సును మేము టీవీ అలమరలో, ఇత్తడి వినాయకుడి వెనక పెట్టుకున్నాం, కంటికి అడ్డంగా ఉందని. కోడలు కూర్చునే గది దానికి రెండు తొమ్మిదంగుళాల గోడల అవతల. ఆమె ల్యాప్‌టాప్ నుంచి బాక్సుకే, అంటే 192.168.1.1కే పింగ్ (ఓ చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపటికొస్తుందో చూడడం) పెట్టి చూశాను. ఇంట్లోని బాక్సు నుంచి జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో రావాలి. ఒకసారి 3, ఒకసారి 180, ఒకసారి 340, ఒకసారి అసలు జవాబే లేదు. తీగ మీ దాకా పోకముందే సగం ప్రాణం ఇంట్లోనే పోతోందన్నమాట. ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పట్టుకుని ఉంది. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు మూడే: 1, 6, 11. మా బ్రాడీపేటలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. నా ఫోన్‌లో లెక్కపెడితే 23 వైఫైల పేర్లు కనిపించాయి, అందులో 14 ఆరో చానల్ మీదే కూర్చున్నాయి. సంతలో అందరూ ఒకేచోట నిలబడి కేకలేస్తున్నట్టు. పగలు ఆ ఇళ్లవాళ్లు ఉద్యోగాలకు పోతారు, రాత్రికి అందరూ ఇంట్లోనే.

బాక్సు హాల్లోకి వచ్చింది. వినాయకుడు అలమరలోనే ఉన్నాడు. కోడలి బల్ల దాకా గోడ వెంట వైరు లాగించాను, 18 మీటర్లు. వైరు మీద పింగ్ ఒక మిల్లీసెకన్ లోపే, రోజంతా కదలకుండా. ఇకనుంచి నేను చెప్పే లెక్కలన్నీ ఆ వైరు మీద కొలిచినవే. "వైఫై వల్ల అయ్యుంటుంది సార్" అనడానికి మీకు దారి లేకుండా.

వైరు వేశాక మీటింగు కొంత బాగుపడింది. పూర్తిగా కాదు. ఒక ఆదివారం మా ఆవిడ కోటప్పకొండ వెళ్లి వచ్చింది. వచ్చీ రాగానే ఆమె ఫోను వైఫైకి తగులుకుని ఆ ఫొటోలూ వీడియోలూ తనంతట తానే పైకి ఎక్కించడం మొదలుపెట్టింది. అదే సమయంలో నేను గూగుల్ వాళ్ల సర్వర్ 8.8.8.8కి పింగ్ పెట్టి కూర్చున్నాను. అంతవరకు 12 మిల్లీసెకన్లు ఉన్నది 90 అయింది, 300 అయింది, 640 దగ్గర తిష్ఠ వేసింది. ఫోన్ వైఫై ఆపమన్నాను. రెండు సెకన్లలో మళ్లీ 12. నాలుగుసార్లు ఆపి, పెట్టి చూశాను. మా ఆవిడ నన్ను అదోలా చూసింది.

మా డౌన్‌లోడ్ 100 (సెకనుకు 100 మెగాబిట్లు) అని పెద్దక్షరాల్లో రాశారు. అప్‌లోడ్ ఎంతో రాయలేదు, కొలిస్తే 20. ఆ 20 నిండిపోతే మీ బాక్సు ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పారేయకుండా తన దగ్గర వరుసలో నిలబెట్టుకుంటుంది. సీజన్లో మా మిర్చి యార్డు చూశారా? మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, వేసుకొచ్చిన లారీలు బైపాస్ దాకా నిలబడి ఉంటాయి. యార్డు గేటు వెడల్పు తగ్గలేదు, తూకం ఆగలేదు, రోజుకు ఎన్ని లారీలు దిగాలో అన్నీ దిగుతూనే ఉన్నాయి. లెక్క చూస్తే యార్డు బ్రహ్మాండంగా నడుస్తోంది. కానీ ఆ వరుస వెనకాల ఒక్క కాగితం పట్టుకుని స్కూటర్ మీద వచ్చినవాడు కూడా లారీలన్నీ కదిలేదాకా నిలబడాల్సిందే. మా కోడలి మాట ఆ స్కూటరు. మా ఆవిడ కోటప్పకొండ వీడియోలు ఆ లారీలు. మీ స్పీడ్ టెస్టు గేటు దగ్గర లారీలు లెక్కపెట్టి, భేష్ అంటుంది.

ఇది నేను కనిపెట్టిన జబ్బు కాదు. 2010లో అమెరికాలో జిమ్ గెట్టీస్ అనే ఇంజినీరు తన ఇంట్లోనే దీన్ని పట్టుకున్నాడు. దాని పేరు బఫర్‌బ్లోట్. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి వరుసను పొట్టిగా ఉంచే కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఇంటర్నెట్ ఇంజినీర్ల పత్రం ఆర్ఎఫ్‌సీ 8290గా అచ్చయింది. లారీల వరుస ఒకటి, స్కూటర్ల వరుస ఒకటి వేరుచేయడమే అందులో కిటుకు. దీన్ని ఊరూరా, ఇంటింటి రూటర్‌కూ చేర్చాలని ఏళ్ల తరబడి తిరిగిన డేవ్ టాట్ 2025 ఏప్రిల్‌లో పోయాడు. ఆయన చేసిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే, ఎవరైనా వాడుకోవచ్చు. మీరు మా ఇంట్లో పెట్టిన బాక్సులో ఆ సదుపాయం ఉందో లేదో చూద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరుంది. అడిగితే "కస్టమర్లకు ఇవ్వం సార్" అన్నారు. నేను కరెంటు బిల్లు కట్టే బాక్సు, నా గోడకు మేకు కొట్టిన బాక్సు.

సరే, ఆ ఫోనును రాత్రి పదకొండు దాటాక ఫొటోలు ఎక్కించేలా పెట్టాం. పేజీలు తెరుచుకోవడంలోనే ఒక తడబాటు ఉండేది, లింకు నొక్కాక ఓ క్షణం శూన్యం, తర్వాత ఒక్కసారిగా మొత్తం. అదీ తేలిగ్గానే దొరికింది. పేరు చెబితే అంకె చెప్పే మీ డీఎన్ఎస్ సర్వర్ సాయంత్రాలు 300, 400 మిల్లీసెకన్లు తీసుకుంటోంది. ఒక్కోసారి పలకదు. ఒక వార్తల పేజీ తెరవాలంటే ఇరవై ముప్ఫై పేర్లు అడగాలి. ల్యాప్‌టాప్‌లో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల డీఎన్ఎస్ 1.1.1.1 పెట్టాను, తడబాటు పోయింది. స్పీడ్ టెస్ట్ ఒక్కసారి పేరు అడిగి, ఆపైన పది సెకన్లు ఒకే సర్వర్ నుంచి లాగుతుంది. దానికి ఈ నొప్పి తెలియదు. ఈ మార్పు బాక్సులో ఒకచోట చేస్తే ఇల్లంతటికీ సరిపోయేది. పాస్‌వర్డ్ లేదుగా, ఏడు ఫోన్లలో, టీవీలో విడివిడిగా చేశాను. టీవీలో చేయడానికి మా మనవడి సాయం కావలసి వచ్చింది, అందుకు వాడు ఐస్‌క్రీం వసూలు చేశాడు.

ఒక సైటు మాత్రం పైన బొమ్మ వచ్చి, కింద చక్రం తిరుగుతూ ఎప్పటికీ ఆగేది కాదు. మొబైల్ డేటాలో వెంటనే తెరుచుకునేది. మీరు పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతి మీద కనెక్షన్ ఇస్తున్నారు. దాని మూటకే 8 బైట్లు పోతాయి కాబట్టి 1500 బైట్ల ప్యాకెట్ మీ దారిలో పట్టదు, 1492 దాకానే పడుతుంది. పట్టదు, చిన్నది పంపు అని చెప్పే సమాచారం దారిలో ఎక్కడో ఆగిపోతే అవతలి సర్వర్ అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. బాక్సులో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అనే గడి, అంటే ప్యాకెట్లు మొదటినుంచే చిన్నవి పంపమని చెప్పేది, టిక్ చేస్తే పోయే రోగం. ఈ ఒక్కటి మీ కుర్రాడికి చెబితే వెంటనే ఎవరికో ఫోన్ చేసి చేయించాడు. అప్పుడు చూశాను అతని మొహం. నిజంగా ఒక లోపాన్ని సరిచేసిన సంతోషం. మీరతనికి ఆ అవకాశం ఎందుకివ్వరు?

ఇక్కడిదాకా చిల్లర విషయాలు. అసలుది ఇప్పుడు చెప్తాను.

స్పీడ్ టెస్ట్ యాప్ తెరిచి గో నొక్కితే అది దగ్గర్లో, తక్కువ పింగ్‌తో దొరికే సర్వర్‌ను తనే ఎంచుకుంటుంది. ఆ యాప్ నడిపే ఊక్లా వాళ్ల సర్వర్లు చాలా చోట్ల ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే ఉంటాయి. మా ఇంట్లో నొక్కితే ప్రతిసారీ వచ్చేది విజయవాడలో మీదే. అంటే నా ఇంటి నుంచి మీ ఇంటిదాకా రోడ్డు ఎలా ఉందో చూస్తున్నాను. చిలకలూరిపేట దాకా రోడ్డు నున్నగా ఉంది కాబట్టి మద్రాసు ప్రయాణం సుఖంగా సాగుతోందని ఎవరైనా అంటారా? మా కోడలి ఆఫీసు మీ సర్వర్‌లో లేదు. మేం చూసే పేజీలూ, మాట్లాడే మనుషులూ మీ గుమ్మం దాటి అవతల ఉన్నారు.

అందుకని రాత్రి ఎనిమిదికి సర్వర్‌ను నేనే ఎంచాను. మీ విజయవాడ సర్వర్‌కి 96. చెన్నైలో మరో కంపెనీ సర్వర్‌కి 31. ముంబైలో ఇంకోదానికి 17. యాప్‌లో మల్టీ, సింగిల్ అని రెండు మీటలుంటాయి, ఎవరూ ముట్టుకోరు. సింగిల్ పెట్టి ముంబై కొలిస్తే 4. మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు అదే వైరు, అదే ల్యాప్‌టాప్, అదే ముంబై: మల్టీలో 88. మీ కుర్రాడు వచ్చే వేళ.

సింగిల్, మల్టీ తేడా ఎందుకింత అంటే, స్పీడ్ టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి లాగుతుంది. దారిలో నూటికి ఒకటో రెండో ప్యాకెట్లు పోతుంటే ఒక్కో కనెక్షన్ భయపడి వేగం తగ్గించుకుంటుంది, అది టీసీపీ అనే డేటా మోసే పద్ధతి స్వభావం. కానీ ఎనిమిది మంది బిందెలతో మోస్తుంటే ఇద్దరు తూలినా తొట్టి నిండుతుంది. ఒక్కరే మోస్తే ఆ తూలడం తెలుస్తుంది. దీనికి పాత లెక్క ఉంది: సగటు రానుపోను 40 మిల్లీసెకన్లు, నూటికి ఒక్క ప్యాకెట్ నష్టం అనుకుంటే, సంప్రదాయ టీసీపీ కనెక్షన్ ఒక్కటి సుమారు మూడున్నర మెగాబిట్లు దాటదు. నా ప్లాన్ 100 అయినా అంతే, 1000 అయినా అంతే. మా కోడలి విపిఎన్, అంటే ఆఫీసుకు పోయే రహస్య దారి, అలాంటి ఒంటి బిందె. ఆమె మీటింగు, ఫైళ్లు, మెయిలు అన్నీ ఆ ఒక్క సొరంగంలోనే పోవాలి.

ముంబైకి వంద పింగ్‌లు పంపితే మధ్యాహ్నం వందకు వందా తిరిగొచ్చాయి. రాత్రి ఎనిమిదికి 97, ఒకసారి 96. దారిలో ఒక్కో మజిలీకి ఎంతసేపు పడుతోందో చూపించే ట్రేస్‌రూట్ పెట్టాను. మీ లోపలి మూడు మజిలీలూ 4, 5, 6 మిల్లీసెకన్లు. మీకు నెట్ అమ్మే పై కంపెనీకి మీరు అప్పగించే మజిలీ దగ్గర 90కి దూకింది, అక్కణ్ణుంచి చివరిదాకా 90కి పైనే ఉంది. మధ్యలో ఒక్క మజిలీ మాత్రమే ఎక్కువ చూపించి తర్వాతివి తగ్గితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. రూటర్లు పింగ్‌కి జవాబివ్వడాన్ని ఆఖరి పనిగా పెట్టుకుంటాయని నాకు తెలుసు. ఇది అలా కాదు. దూకి, దిగలేదు. పన్నెండు రాత్రులు కొలిచాను, పదకొండు రాత్రులు ఇదే. తగ్గిన ఆ ఒక్క రాత్రీ మా వీధిలో సగం ఇళ్లకు కరెంటు లేదు.

నేను చెప్పేది మీకు అర్థమైందనే అనుకుంటున్నాను. మీరు పైనుంచి కొనుక్కునే దారి సాయంత్రాలకు చాలడం లేదు. దానికి స్పీడ్ టెస్ట్ వెళ్లనే వెళ్లదు.

దీనికి మీరిచ్చిన మందు ఏమిటి? "300 ప్లాన్‌కి మారండి సార్, అప్పుడు బాగుంటుంది." మా మేడ మీద అద్దెకున్న కుర్రాళ్లు మారారు. వాళ్లకిప్పుడు స్పీడ్ టెస్ట్‌లో 290 వస్తోంది. రాత్రి తొమ్మిదికి వాళ్ల ఆట మాత్రం మునుపటిలాగే తడబడుతోంది, ఆ తిట్లు కిందికి వినిపిస్తాయి. వీడియో మీటింగుకు కావలసింది మూడు నాలుగు మెగాబిట్లు. ఆ నాలుగు ఆగకుండా, ఆలస్యం లేకుండా రావాలి. అంతే. 100 ఉన్న ఇంటికి 300 అమ్మడం, దగ్గు తగ్గలేదంటే మంచం మార్చమనడం.

కంపెనీ నడపడంలోని కష్టాలు నాకు తెలియనివి కావు. చికాగో మనకు 13,000 కిలోమీటర్ల పైన ఉంది. గాజుతీగలో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. తీగ తిన్నగా పరిచినా రానుపోను 130 మిల్లీసెకన్లు తప్పవు, నిజంలో అది 200 దాటుతుంది. ఆ ఆలస్యానికి మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగితే మీరేం చేస్తారు? వీధిలో స్తంభాల మీద తీగలు ఎవడో కోసేస్తే మీ మనుషులే రాత్రి నిచ్చెనలెక్కుతున్నారు, చూస్తూనే ఉన్నాను. రెండున్నర గిగాబిట్ల జీపాన్ తీగను, అంటే ఇళ్లకు పంచే గాజుతీగను, ముప్ఫై రెండో అరవై నాలుగో ఇళ్లు పంచుకుంటాయి, అందరూ ఒకేసారి 100 లాగితే చాలదు, అది ఈ వ్యాపారంలో అందరూ చేసే లెక్కే. మా కాలంలో వెయ్యిమంది ఫోన్లకు వెయ్యి ట్రంకులు, అంటే ఎక్స్ఛేంజీల మధ్య లైన్లు, పెట్టలేదు. కానీ రద్దీ వేళ ఎన్ని కాల్స్ విఫలమవుతున్నాయో రోజూ రాసేవాళ్లం, ఆ లెక్కను బట్టి ట్రంకులు పెంచమని అడిగేవాళ్లం. రద్దీ వేళ అనే మాటకే మా పనిలో ఒక గౌరవం ఉండేది. మీరు మాత్రం రద్దీ లేని వేళ కొలుస్తున్నారు.

నియమాల సంగతికొస్తే, మన దేశంలో 2023 జనవరి నుంచి బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 మెగాబిట్లు ఉండాలి. ఆ లెక్కన నా ముంబై సింగిల్ 4 కూడా బ్రాడ్‌బ్యాండే, మీకు శుభాకాంక్షలు. అయితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టులో కొత్త నాణ్యతా నియమాలు తెచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అందులో వేగం ఒక్కటే లేదు, ఆలస్యం ఉంది, ప్యాకెట్ నష్టం ఉంది. అంటే నియంత్రణ సంస్థే ఈ రెండూ కొలవాలంటోంది. మా ఇంటికి వచ్చిన మనిషి చేతిలో ఆ రెండూ చూపించే పరికరం ఎందుకు లేదు? ఉచితంగా దొరుకుతాయి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్‌లో వివరాలు నొక్కితే ఖాళీగా ఉన్నప్పుడు ఆలస్యం ఎంత, లోడు మీద ఎంత అని రెండూ చూపిస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల పరీక్షలో ప్యాకెట్ నష్టం కూడా వస్తుంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఫిర్యాదుదారు ఏ వేళ ఇబ్బంది అన్నాడో ఆ వేళకే మనిషిని పంపండి. రాత్రి డ్యూటీకి డబ్బులివ్వాలి, తెలుసు, ఇవ్వండి. పదకొండింటికి నాలుగుసార్లు వచ్చిన ఖర్చు కంటే తక్కువే అవుతుంది. అతని ఫోన్ వైఫై మీద కాకుండా ఒక చిన్న ల్యాప్‌టాప్, ఒక మీటరు వైరు ఇచ్చి బాక్సుకు తగిలించి కొలవమనండి. మీ సర్వర్‌కి ఒకటి, మీ గుమ్మం అవతలి సర్వర్‌కి ఒకటి కొలవాలి, సింగిల్‌లో కూడా. బాక్సు పాస్‌వర్డ్ అడిగినవాళ్లకు ఇవ్వండి. పాడుచేసుకుంటామని భయమైతే, పాడైతే బాధ్యత మాదేనని సంతకం పెడతాను. అప్‌లోడ్ ఎంతో ప్లాన్ పక్కనే అదే సైజు అక్షరాల్లో రాయండి. మీరు పైనుంచి ఎంత కొంటున్నారు, సాయంత్రం అందులో ఎంత నిండుతోంది, నెలకొకసారి మీ సైట్‌లో గీత గీసి పెట్టండి. సిగ్గుపడాల్సిన గీతే అయినా పెట్టండి. దాన్ని చూసి జనం మీ దగ్గర్నుంచి పారిపోరు, ఈ ఊళ్లో పారిపోవడానికి ఎక్కువ చోట్లు లేవు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. నేను బాగైంది అని చెప్పేదాకా ఫిర్యాదు కట్టేయకండి. మీ కుర్రాడు మూడోసారి వచ్చినప్పుడు చెప్పాడు, ఇరవై నాలుగు గంటల్లో టికెట్ మూయకపోతే తన జీతంలో కోస్తారట. అందుకే 97 ఫొటో. అతని అవసరం 97. నా అవసరం వేరు. మీరు ఈ రెండిటినీ ఒకదానికొకటి ఎదురుగా నిలబెట్టి, అతను మా గడప దగ్గర చెప్పులు విడిచేలా చేశారు. 1991లో నేనూ అలాగే లెక్క కోసం కట్టేశాను. రోజుకు ఇన్ని ఫిర్యాదులు తేల్చామని పైకి పంపాలి మరి.

వ్యక్తిగత ఫిర్యాదులు ట్రాయ్ చూడదని తెలుసు. మీ దగ్గరే అప్పీలు అధికారి ఉంటారనీ తెలుసు, నిబంధన ప్రకారం ఉండాలి కూడా. ఆయన పేరు, నంబరు మీ సైట్‌లో వెతికితే దొరకడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. అందులో పదిహేను నిమిషాలు మీ సైట్ తెరుచుకోవడానికే పోయాయి. ఈ లేఖతో పాటు పన్నెండు రాత్రుల లెక్కలన్నీ ఆయనకు పంపిస్తున్నాను: తేదీ, సమయం, ఏ సర్వర్, వైరా వైఫైయా, పింగ్ ఎంత, నష్టం ఎంత. చేతిరాతే, కానీ గీతలు సరిగ్గా ఉన్నాయి. టెస్ట్ డెస్క్ రిజిస్టరు రాసిన అలవాటు.

వచ్చే సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది వరకు ఇంట్లోనే ఉంటాను. బాక్సు హాల్లో ఉంది, వైరు తగిలించి ల్యాప్‌టాప్ తెరిచి పెడతాను. ఆ కుర్రాడినే పంపండి, ఒక్కరోజు టికెట్ తెరిచే ఉంచి. వాడికి టీ మా ఆవిడ పెడుతుంది. ఆ సమయంలో కోడలు మీటింగులో ఉంటుంది, కొంచెం చిన్నగా మాట్లాడమనండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు, విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు.